మూడో పాయింటు

టెన్నిస్ ఆడతానంటే ఎవరైనా మొదట అడిగేది ర్యాంకు ఎంత అనే. పెళ్ళిళ్ళలో మేనత్తలు మొదలుకొని బెంగళూరు యలహంకలో మా ఇంటి ఓనరు దాకా అందరిదీ అదే ప్రశ్న. చాలాకాలం నా దగ్గర దానికి జవాబు లేదు. ఆడక కాదు, గెలవకా కాదు. అంతర్జాతీయ టోర్నీల్లో రెండు పాయింట్లు తెచ్చుకుని కూడా లిస్టులో నా పేరు లేదు. అదెట్లా అని ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అందుకే ముందు ఆ లెక్క చెప్పి, తర్వాత నా సంగతికి వస్తాను.

మహిళల ర్యాంకింగ్ ఇచ్చేది డబ్ల్యూటీఏ అనే మహిళల టెన్నిస్ సంఘం. కింది స్థాయి టోర్నీలు నడిపేది ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య. అన్నిటికన్నా కింది మెట్టు డబ్ల్యూ15, అంటే మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు ఉండేది. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, 32 మంది ఆడతారు. మొదటి రౌండు గెలిస్తే 1 పాయింటు, టైటిలే కొడితే 15. అయితే సింగిల్స్ లిస్టులో పేరు ఎక్కాలంటే ఏడాది లోపల కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా అన్నీ కలిపి 10 కావాలి. 52 వారాలు దాటిన పాయింటు దానంతట అదే పోతుంది. మగపిల్లలకి ఈ బాధ లేదు. ఒక్క పాయింటు వస్తే చాలు, మగవాళ్ళ ర్యాంకింగ్ అయిన ఏటీపీ లిస్టులో ఎక్కడో అడుగున పేరు పడుతుంది. మా అకాడమీలో ఒక అబ్బాయి అట్లాగే ఒక్క మ్యాచ్ గెలిచి ర్యాంకు తెచ్చుకుని అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. నేను అప్పటికి రెండు గెలిచి ఉన్నాను. వాడి మైసూర్‌పాక్ తిని ప్రాక్టీసుకి వెళ్ళాను.

మాది అనంతపురం. నాయనకి ఎరువుల అంగడి ఉంది. 2010లో టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ ఫౌండేషన్ వాళ్ళు, ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కలిసి మా ఊళ్ళో టెన్నిస్ బడి పెట్టారు. అది స్తోమత లేని ఇళ్ళ పిల్లల కోసం పెట్టింది, నేను అందులో చదవలేదు. కానీ అటు పోతూ వస్తూ ఆ పిల్లలు ఆడుతుంటే చూసిన నాయనకి ఈ ఆట మీద మనసు పడింది. లేకపోతే మా ఇంట్లో రాకెట్ ముఖం చూసినవాళ్ళు ఎవరూ లేరు. మొదట ఊళ్ళోనే ఒక సార్ దగ్గర నేర్చుకుని, అండర్-12లో ఆల్ ఇండియా టెన్నిస్ అసోసియేషన్ టోర్నీలకి హైదరాబాదు, విజయవాడ తిరిగాను. తర్వాత అమ్మా నేనూ బెంగళూరు వచ్చేశాం. యలహంక ఎందుకంటే అకాడమీ దగ్గర, పైగా అనంతపురం బస్సు అటుగానే వస్తుంది. నాయన శనివారం అంగడి మూసి రాత్రికి దిగేవాడు, ఆదివారం నా మ్యాచో ప్రాక్టీసో చూసి మళ్ళీ బస్సెక్కేవాడు. బడి మానిపించి ఓపెన్ స్కూల్లో పది కట్టించారు. చుట్టాల్లో దీని మీద జరిగిన చర్చ ఇక్కడ రాయను. రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది.

జూనియర్ టెన్నిస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గెలిచేదాన్ని, ఓడేదాన్ని. కబ్బన్ పార్కులో కేఎస్‌ఎల్‌టీఏ (కర్ణాటక టెన్నిస్ సంఘం) స్టేడియానికి మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం అకాడమీ సార్ నన్ను సెంటర్ కోర్టు పక్కన నిలబెట్టి, 2008లో సెరీనా విలియమ్స్ ఇక్కడే టైటిల్ గెలిచిందని చెప్పారు. ఆ ఏడాది తర్వాత ఆ టోర్నీ బెంగళూరులో మళ్ళీ జరగలేదన్న సంగతి తర్వాత నేనే తెలుసుకున్నాను.

అసలు కథ ఐటీఎఫ్ మహిళల టోర్నీలకి పేరు పెట్టడంతో మొదలైంది. ముందు ఐపిన్ అనే నంబరు తీసుకోవాలి, ఏడాదికోసారి డబ్బు కట్టి దాన్ని కొనసాగించుకోవాలి. ఫిక్సింగ్, బెట్టింగ్ జోలికి వెళ్ళకుండా ఆన్‌లైన్‌లో ఒక పాఠం పూర్తి చేయాలి. ఇక 18 నిండని అమ్మాయిలు ఏడాదికి ఇన్ని ప్రొఫెషనల్ టోర్నీలే ఆడాలని వయసుని బట్టి పరిమితి ఉంటుంది. చిన్న వయసులో అలిసిపోయి ఆట వదిలేసేవాళ్ళు ఎక్కువవుతున్నారని పెట్టిన నిబంధన ఇది, మంచిదే. కానీ దానివల్ల ప్రతి ఎంట్రీ ఆచితూచి వాడుకోవాల్సి వచ్చేది. మెయిన్ డ్రాలో చోటు కోసం ముందు ఆడే క్వాలిఫయింగ్‌లోనే ఓడి ఇంటికొచ్చినా లెక్కలో ఒకటి తగ్గినట్టే కదా.

ఈ లెక్కలన్నీ గురువారం సాయంత్రాల్లో జరిగేవి. ఏ టోర్నీకైనా అది మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు గురువారం ఎంట్రీకి ఆఖరు, మన టైములో రాత్రి 7:30. ఒకే వారానికి రెండు మూడు చోట్ల పేరు పెట్టి, ఏది ముందో చెప్పొచ్చు. 7:30 దాటాక లిస్టు వస్తుంది. ముందు డబ్ల్యూటీఏ ర్యాంకు ఉన్నవాళ్ళు, తర్వాత ఐటీఎఫ్ ర్యాంకు వాళ్ళు, ఆ తర్వాత సొంత దేశంలో ర్యాంకున్నవాళ్ళు. నా పేరు ఎప్పుడూ వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ పోతే కనిపించే చోట ఉండేది, అదీ క్వాలిఫయింగ్ లిస్టులోనో, ఎవరైనా తప్పుకుంటే పిలిచే ఆల్టర్నేట్లలోనో. మళ్ళీ మంగళవారం దాకా పేర్లు వెనక్కి తీసుకునే గడువు ఉంటుంది. పైవాళ్ళు ఎవరైనా వేరే దేశంలో ఆడాలని తప్పుకుంటే కిందివాళ్ళం ఒక్కో మెట్టు ఎక్కుతాం. ఆ ఐదు రోజులూ అమ్మ రైలు టికెట్ల సైటూ, నేను ఐటీఎఫ్ సైటూ తెరిచి పెట్టుకుని కూర్చునేవాళ్ళం. లిస్టులో నేను పైకి ఎక్కేసరికి రైల్లో వెయిటింగ్ లిస్టు పెరిగిపోయేది.

విదేశాలకి పొమ్మని చాలామంది చెప్పారు. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ఈ ఊళ్ళలో రిసార్టులకి ఆనుకునే కోర్టులుంటాయి. ఏడాదిలో చాలా వారాలు ఈ చిన్న టోర్నీలు వరసగా నడుస్తూనే ఉంటాయి. ఒక నెల అక్కడే మకాం వేసి ఆడితే ఎక్కడో ఒకచోట పాయింటు తగులుతుందని వాళ్ళ మాట. నాయన వ్యాపారం చేసే మనిషి, ఒకటే అడిగాడు. “ఆడ గెలిస్తే వచ్చేదెంత పాపా?” చెప్పాను. క్వాలిఫయింగ్‌లో ఓడితే ఏమీ రాదు. మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడితే 150 డాలర్ల దరిదాపు. మొత్తం టోర్నీ గెలిచినదానికే రెండు వేల డాలర్ల పైచిలుకు. నాయన కాసేపు ఊరుకుని, “అయితే గెలిచినా చేతినుంచే పడుతుంది” అన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2023 సెప్టెంబరులో సుమిత్ నాగల్, అప్పటికి సింగిల్స్‌లో దేశంలో నంబర్ వన్, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. ఆ వార్త నాయన పేపర్లో చదివాడు. ఆ వారం బెంగళూరు వచ్చినప్పుడు టెన్నిస్ మాటే ఎత్తలేదు, అది మాకు ఇంకా టెన్షన్‌గా అనిపించింది. తర్వాత 2024 జనవరిలో అదే నాగల్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయర్‌గా వచ్చి కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్‌ని ఓడించాడు. ఫిబ్రవరిలో చెన్నైలో ఛాలెంజర్ స్థాయి టోర్నీ గెలిచి ర్యాంకింగ్‌లో తొలి వందలోకి వెళ్ళాడు. నాయన ఆ రోజు అంగడిలోనుంచి ఫోన్ చేసి, “చూసినావా” అని మాత్రం అన్నాడు. మొనాస్టిర్ మాట అట్లాగే వాయిదా పడింది. మన దేశంలో జరిగేవే ఆడదామనుకున్నాం. నాకిప్పటికీ అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. జపాన్, థాయ్‌లాండ్, రష్యా అమ్మాయిలు ఎట్లాగూ ఇక్కడికే వచ్చి ఆడుతున్నారు, వాళ్ళతో ఆడటానికి నేను సముద్రం దాటనక్కర్లేదు.

ఖర్చులో కోచింగ్, ప్రయాణం అందరికీ కనిపిస్తాయి. కనిపించకుండా తినేసేది స్ట్రింగింగ్, అంటే రాకెట్‌కి తీగలు వేయించడం. నేను వాడేది పాలియెస్టర్ స్ట్రింగు. తెగకపోయినా కొన్ని గంటలు ఆడేసరికి బిగువు పోయి చచ్చుబడిపోతుంది, కోసేసి కొత్తది వేయాల్సిందే. ఒక్కో రాకెట్‌కి స్ట్రింగు ధర కాక కూలి వేరే. మ్యాచ్‌కి కనీసం మూడు రాకెట్లు సిద్ధంగా ఉండాలి. ఒకసారి అకాడమీకి స్ట్రింగింగ్ చేసే అన్న తన పాత మెషీన్ అమ్మేసి ఎలక్ట్రానిక్‌ది కొనుక్కుంటుంటే అమ్మ ఆ పాతది బేరమాడి ఇంటికి తెచ్చింది. ఎవరు వేస్తారే అంటే, “నేనే” అంది.

పది రోజులు ఆ అన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకుంది. ముందు రాకెట్‌ని మెషీన్‌కి బిగించాలి. బిగించడంలో తేడా వస్తే ఫ్రేము ఒంకర పోతుంది. నిలువు తీగలు 16, మధ్యలోనుంచి రెండు పక్కలకీ సమానంగా వేసుకుంటూ పోవాలి. ప్రతి తీగనీ బరువు వేలాడదీసి లాగి, క్లాంపుతో పట్టి, తర్వాతది ఎక్కించాలి. అది తేలిక. అడ్డం తీగలు 19, వాటిని ఒకటి పైకి ఒకటి కిందికి అల్లుకుంటూ రావాలి. నులక మంచం అల్లిక తెలిసినవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది, అమ్మ చిన్నప్పుడు వాళ్ళ తాత పక్కన కూర్చుని పట్టీలు లాగిన మనిషే. పాలియెస్టర్ తీగ మాత్రం నులకలాగా లొంగదు, చూపుడు వేలు కొసని కోసేస్తుంది. వేళ్ళకి ప్లాస్టర్ వేసుకునే అల్లేది. మొదట్లో ఒక రాకెట్‌కి గంటన్నర పట్టేది, ఇప్పుడు టీవీ చూస్తూ నలభై నిమిషాల్లో ముడి వేసేస్తుంది. అకాడమీలో మిగతా పిల్లల తల్లులు కూడా రాకెట్లు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్కోదానికి 250 రూపాయలు. నా టోర్నీల ఎంట్రీ ఫీజులు దాదాపు అందులోనుంచే వెళ్తున్నాయి.

అమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పల్చన, బంతి ఎగిరిపోతుంది. కొట్టినది గీత దాటకుండా ఉండాలంటే తీగలు ఇంకొంచెం బిగువుగా ఉండాలి. అదే చెన్నైలో అయితే బంతి బరువుగా వస్తుంది, ఉక్కపోతకి ఒక సెట్ అయ్యేలోపు గ్రిప్ నీళ్ళు కారుతుంది, అదే బిగువుతో కొడితే బంతి నెట్ దాటదు. పుస్తకంలో ‘బెంగళూరు 52, చెన్నై 49’ అని పౌండ్లలో రాసి ఉంటుంది, పక్కన ఎండా మబ్బూ కూడా. ఒక్కోసారి నాకంటే ఆవిడే ప్రొఫెషనల్ అనిపిస్తుంది.

మొదటి పాయింటు పదిహేడేళ్ళు నిండాక వచ్చింది, క్వాలిఫయింగ్ నుంచి ఎక్కి వచ్చి. క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ ఉండదు. చెరో సెట్ అయితే 10 పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తారు, రెండు గంటల కష్టం పది నిమిషాల్లో తేలిపోతుంది. అట్లాంటివి గెలిచి మెయిన్ డ్రాలోకి వచ్చాక మొదటి రౌండు సునాయాసంగా అయిపోయింది. రెండో పాయింటు ఇంకా చిత్రం. ఎదుటి అమ్మాయి సెట్ గెలిచి, రెండో సెట్ మధ్యలో చీలమండ మడతపడి తప్పుకుంది. నాకు సంతోషించాలో లేదో తెలియలేదు. సార్‌కి అట్లాంటి సందేహాలేవీ లేవు, “పాయింట్ ఈస్ పాయింట్” అన్నారు.

ఆ తర్వాత నెలల తరబడి ఏమీ లేదు. క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్లో ఓడటం, లేకపోతే మెయిన్ డ్రాలో పై ర్యాంకున్న సీడెడ్ ప్లేయర్ తగలడం. ఈ కాలం గురించి ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చే పిల్లల తల్లిదండ్రులకి తెలియదు. ఈ చిన్న టోర్నీల స్కోర్లు కూడా లైవ్‌లో వెళ్తాయి, వాటి మీద ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో పందేలు కాస్తారు. ఓడిన అరగంటకి ఫోన్ తెరిస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ బూతులు. ఒకడు మా అమ్మని కూడా కలిపి తిట్టాడు, నా వల్ల వాడికి డబ్బు పోయిందని. గెలిచినా తిట్లే, ఎదుటి అమ్మాయి మీద కాసినవాళ్ళవి. జవాబు ఇవ్వకూడదు, స్క్రీన్‌షాట్ తీసి ఆట నిజాయితీ చూసే ఐటీఐఏకి పంపాలి. ఇప్పుడు మ్యాచ్ ఉన్న రోజు నా ఫోన్ అమ్మ దగ్గరే ఉంటుంది. తెలియనివాళ్ళ మెసేజీలు ఆవిడే చదవకుండా తుడిచేస్తుంది, తుడిచే ముందు ఫోటో తీసిపెడుతుంది.

మూడో పాయింటు వచ్చింది మధ్యభారతంలో ఒక ఊళ్ళో. మొదటి పాయింటు పోవడానికి రెండు నెలల టైము కూడా లేదు. అక్కడా క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్లో టైబ్రేక్ 10-8తో పోయింది. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు ఉన్నాయి, అనంతపురంలో దిగి రెండు రోజులు ఇంట్లో ఉందామని అమ్మ ఆలోచన. అయితే ఆఖరి రౌండ్లో ఓడినవాళ్ళకి లక్కీ లూజర్ అవకాశం ఉంటుంది. మెయిన్ డ్రాలో ఎవరైనా ఆఖరు నిమిషంలో తప్పుకుంటే వీళ్ళలో ఒకరికి ఆ చోటు ఇస్తారు. దానికి పొద్దున మొదటి మ్యాచ్‌కి అరగంట ముందే రిఫరీ టేబుల్ దగ్గర సంతకం పెట్టాలి. పెట్టి, మొదటి రౌండు మ్యాచులన్నీ మొదలయ్యేదాకా బూట్లు కట్టుకుని కూర్చోవాలి. నా కన్నా ముందు వరుసలో ఒకమ్మాయి ఉంది. ఆమె ఆ పొద్దున సంతకానికి రాలేదు, రాత్రే ఊరెళ్ళిపోయిందట.

అమ్మ శెనక్కాయల పొడి కలిపిన ఇడ్లీలు డబ్బాలో పెట్టి, తినమనలేక, మూయలేక అట్లాగే పట్టుకుని కూర్చుంది. కడుపు నిండా తింటే పరిగెత్తలేను, తినకపోతే మధ్యాహ్నం దాకా ఆగలేను, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ముక్క ముక్కగా తిన్నాను. పదకొండు దాటాక రిఫరీ నా పేరు పిలిచారు. కడుపు నొప్పితో ఒక ప్లేయర్ తప్పుకుంది. వార్మప్‌కి పావుగంట కూడా దొరకలేదు.

ఎదుటి అమ్మాయి ఎడమచేతివాటం, పొడగరి, సర్వీస్ గట్టిది. మొదటి సెట్ 6-3తో తీసుకుంది. రెండో సెట్లో ఒక సంగతి గమనించాను. కొత్త బంతులు వచ్చినప్పుడు ఆమె సర్వీస్ ముట్టుకోలేకపోతున్నాను, బంతులు పాతబడి బూరు లేచాక అదే సర్వీస్ నా నడుము ఎత్తులో ఆగి వస్తోంది. అంటే ఆమెని బ్రేక్ చేయాలంటే, ఆమె సర్వ్ చేసే గేము నేను గెలవాలంటే, బంతులు మార్చే ముందు గేముల్లోనే చేయాలి. 4-4లో బంతులు బాగా పాతబడి ఉన్నాయి, సర్వ్ ఆమెది. ప్రతి రిటర్నూ గట్టిగా కొట్టకుండా ఎత్తుగా, లోతుగా ఆమె బ్యాక్‌హ్యాండ్‌కి వేశాను. చూడటానికి అందమైన టెన్నిస్ కాదు. మా అకాడమీలో ఎవరైనా చూస్తే నవ్వేవాళ్ళు. రెండుసార్లు స్కోరు సమమై డ్యూస్ అయ్యాక ఆమె విసిగిపోయి నెట్‌లోకి కొట్టింది. ఆ సెట్ 6-4, మూడోది కూడా 6-4. తర్వాతి రౌండ్లో మూడో సీడ్ నన్ను గంటలోపే ఇంటికి పంపింది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

చిన్న టోర్నీల పాయింట్లు మర్నాడే ఎక్కవు, ఇంకో వారం ఆగి సోమవారం ఎక్కుతాయి. ఆ సోమవారం నాయన అంగడి తెరిచే ముందే ఫోన్ చేశాడు, లిస్టు ఎట్లా చూడాలని. నాలుగంకెల ర్యాంకు. నా పేరులో ఒక అక్షరం కోసం పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు గుర్తొచ్చి, స్పెల్లింగు సరిగ్గా ఉందా లేదా అని ముందు అదే చూశాను. నాయన దాన్ని ప్రింటు తీయించి అంగడిలో అంటించాడు. ఎరువులు కొనడానికి వచ్చినవాళ్ళు వెయ్యి దాటిన ర్యాంకు కూడా ర్యాంకేనా అని అడుగుతున్నారట. “మీ పిల్లది యాడుంది ఆ లిస్టులో?” అని నాయన ఎదురడుగుతున్నాడట.

ర్యాంకుతో మారింది ఒక్కటే, గురువారం లిస్టులో వేలు అంత దూరం జరపక్కర్లేదు. మిగతాదంతా మామూలే. పైగా ఇంకొన్ని వారాల్లో మొదటి పాయింటు పోతుంది. ఆలోపు ఇంకో టోర్నీలో ఒక్కటైనా రాకపోతే మళ్ళీ రెండే మిగిలి పేరు లిస్టులోంచి ఎగిరిపోతుంది. అమెరికా కాలేజీల మాట కూడా ఇంట్లో నడుస్తోంది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియాలో, మన సాకేత్ మైనేని అలబామాలో చదువుకుంటూ ఆడి తర్వాత టూర్‌కి వచ్చినవాళ్ళే, అదేమీ చిన్న దారి కాదని సార్ కూడా అంటారు. రెండు కాలేజీల కోచ్‌లకి వీడియోలు పంపాను. వాళ్ళు మొదట అడిగింది కూడా ర్యాంకే.

వచ్చే నెల వరసగా రెండు వారాలు ఆడుతున్నాను, ఒకటి క్వాలిఫయింగ్, ఒకటి నేరుగా మెయిన్ డ్రా. ఈసారి అమ్మ రావడం లేదు. స్ట్రింగింగ్‌కి రాకెట్లు ఎక్కువ వచ్చాయి, పైగా ఆవిడ టికెట్టూ తిండీ మిగిలితే బెంగళూరులో ఫిజియోకి బాకీ ఉన్నది తీర్చేయొచ్చు. రూము పంచుకోవడానికి, డబుల్స్‌లో కలిసి ఆడటానికి ఒక మరాఠీ అమ్మాయి దొరికింది. ఆరు రాకెట్లు కట్టి పంపుతానంది అమ్మ, ఎన్ని పౌండ్లు వేయాలో ఆ ఊరి ఎండ చూసి చెప్పమంది.